పర్లాకిమిడి మాస్టారి పేరు దొరగారి దాకా ఎలా వెళ్లింది?

మీ లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ ఒకసారి తెరవండి. పేరు కింద ఒక లైను కనిపిస్తుంది. దాన్ని హెడ్‌లైన్ అంటారు. చాలామందికి అక్కడ బీటెక్ స్టూడెంట్ అనో, ఉద్యోగం కోసం చూస్తున్నాను అనో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి నాకు వచ్చే కనెక్షన్ రిక్వెస్టుల్లో ఎక్కువ ఇవే. యాక్సెప్ట్ చేసిన మరుక్షణం ఒక మెసేజ్ వస్తుంది. అన్నా, మీ కంపెనీలో రిఫరల్ ఇప్పించరా అని. ఏం వచ్చు అని అడిగితే ఏదైనా చేస్తాను అంటారు. కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటికొస్తుంది. మాది పలాస దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో మాకెవరూ తెలీదు అని.

ఈ ‘మాకెవరూ తెలీదు’ అన్న మాట గురించే ఈ వారం రాస్తున్నాను. అది అబద్ధమని అనను. పెద్ద ఊళ్లో పెరిగినవాడికి మేనమామ స్నేహితుడో, కాలేజీ సీనియరో ఏదో ఆఫీసులో ఉంటాడు. మనకు ఉండరు. అయితే మన జిల్లాలోనే పుట్టి, పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, జీవితమంతా దాదాపు ఒక చిన్న జమీందారీ ఊళ్లోనే గడిపిన ఒక బడిపంతులు ఉన్నారు. ఆయన పేరు మద్రాసు దాకా, అక్కడినుంచి ఇంకా అవతలికి వెళ్లింది. ఎలా వెళ్లిందో చూస్తే మీ ప్రొఫైల్‌లో ఏం మార్చాలో మీకే తోస్తుంది.

ఆయన గిడుగు వేంకట రామమూర్తి. మీకు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా తెలుసు, బడిలో ఫొటోకి దండ వేసి ఉంటారు. ఆ దండ పక్కన పెట్టి మనిషిని చూద్దాం.

ముప్పై రూపాయల ఉద్యోగం

1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. 1875లో చోడవరం బదిలీ మీద వెళ్లి అక్కడ జ్వరంతో పోయారు. పిల్లవాడి చదువు బంధువుల ఆసరాతో సాగింది. విజయనగరం మహారాజావారి స్కూల్లో ఆయనకు ఒక సహాధ్యాయి ఉండేవాడు, గురజాడ అప్పారావు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటేడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారి ఉద్యోగం, నెలకు 30 రూపాయలు. అప్పుడు ఆయనకు పదిహేడేళ్లు నిండలేదు. పర్లాకిమిడి ఇవాళ ఒడిశాలో ఉంది కానీ మనకు పరాయి ఊరు కాదు, పాతపట్నం దాటితే వచ్చేస్తుంది. అప్పట్లో అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో భాగం.

కాలేజీకి వెళ్లి చదివే వీలు లేదు. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఎ. పాసయ్యారు. బి.ఎ. పూర్తయ్యేసరికి 1896. అంటే మెట్రిక్ నుంచి డిగ్రీకి పదిహేడేళ్లు! అదీ చరిత్రలో ఫస్ట్ క్లాసుతో. సప్లీ ఒకటి మిగిలిపోయిందని, ఏడాది గ్యాప్ వచ్చిందని సీవీలో ఎలా దాచాలో తెలీక తల పట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. గ్యాప్‌లో మీరేం చేశారన్నదే ఎదుటివాడు చూసేది. ఆయన ఆ పదిహేడేళ్లలో ఏం చేశారో చెబుతాను.

గుడి గోడ మీద రాత

మాస్టారు బడిలో చెప్పేది చరిత్ర. పాఠ్యపుస్తకంలో ఉన్నది చెప్పి ఇంటికి వెళ్తే జీతం ఆగదు. కానీ ఆయన పుట్టిన ఊరి పక్కనే ముఖలింగం గుళ్లు. గోడల నిండా శాసనాలు. ఎవరికీ చదవడం రాని పాత లిపి. ఆ లిపి ఆయన ఎవరి దగ్గరా కోర్సు చేయలేదు. పుస్తకాలు తెప్పించుకుని, అక్షరం అక్షరం పోల్చుకుని స్వయంగా నేర్చుకున్నారు. ఆ తర్వాత గుడి గోడలు చదివారు, రాగిరేకులు చదివారు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల మీద ఆయన పని ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. ఇది అప్పట్లో కేంద్ర ప్రభుత్వ పురావస్తు శాఖ వేసిన పత్రిక, దేశంలో శాసనాల మీద పనిచేసే ప్రతివాడూ చూసేది. పాత కళింగ రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని వాదించిన తొలివాళ్లలో ఆయన ఒకరు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పర్లాకిమిడిలో ఒక స్కూలు మాస్టారు. ఆయన్ని ఎవరూ ఉత్తరం రాసి పిలవలేదు. మద్రాసులో గానీ కలకత్తాలో గానీ బంధువు ఎవరో ఉండి ఆయన వ్యాసం వేయించలేదు. ఆయన చేసిన పనిని, దాన్ని సరిచూడగలిగినవాళ్లు చదివే చోట పెట్టారు, అంతే. ఆ కాలానికి అదే లింక్డ్‌ఇన్. ఊరు చిన్నదని సంపాదకుడు పక్కన పెట్టలేదు, ఎందుకంటే రాగిరేకు ఎదురుగా ఉంది, చదివింది తప్పో ఒప్పో తేలిపోతుంది.

మీ ప్రొఫైల్‌లో ఫీచర్డ్ అనే ఒక భాగం ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మిగతా ప్రొఫైల్ అంతా మీ గురించి మీరు చెప్పుకునేది. నేను కష్టపడే మనిషిని, టీమ్ ప్లేయర్‌ని, కొత్తవి నేర్చుకోవడం ఇష్టం... ఇవి ఎవరైనా రాసుకోవచ్చు, అందరూ రాస్తున్నారు. ఫీచర్డ్‌లో మాత్రం చూపించాలి. గిట్‌హబ్ లింకు, మీరు చేసిన డ్రాయింగు, ఒక చిన్న వీడియో, ఒక రిపోర్టు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొని తెచ్చింది అయితే అది పెట్టకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. దానికి బదులు మీ ఊళ్లో ఉన్నది చూడండి. వంశధార, నాగావళి వరదల పాత లెక్కలు తీసి ఒక గ్రాఫు గీసినా అది మీది. మీ నాన్న పొలం బోరు మోటారుకి మొబైల్ స్టార్టర్ బిగించి, అది ఎన్నిసార్లు ఎందుకు ఫెయిల్ అయిందో రాసినా అది మీది. రామమూర్తి గారికి గుడి గోడ అలాగే దొరికింది. ఇంటిపక్కనే ఉంది, అందరూ రోజూ చూస్తున్నదే.

ఎవరికీ రాని పని

శాసనాల పని ఆయనకు పేరు తెచ్చింది. కానీ ఆయన్ని వేరెవరితోనూ పోల్చడానికి వీల్లేని మనిషిగా నిలబెట్టింది ఇంకొకటి.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. ఇవాళ సీతంపేట ఏజెన్సీలో మీరు చూసే సవరలే. వాళ్ల భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. సంతాలీ, ముండారీలు ఉన్న ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి ఆ భాషలో బడి పిల్లవాడికి ఒక పుస్తకం లేదు. కోర్టుకొచ్చినా, సంతకొచ్చినా, అప్పుకోసం షావుకారు దగ్గరికొచ్చినా సవరలు ఇంకొకరి భాషలో మోసపోవాల్సిందే. మాస్టారు వాళ్ల భాష నేర్చుకుందామనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర యువకుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. కొండలెక్కి ఊరూరా తిరిగారు. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్ల జీతాలూ తనే ఇచ్చారు. భాషాశాస్త్రం అప్పుడప్పుడే పైకొస్తున్న రోజులు. ఆ పుస్తకాలూ తెప్పించుకుని ఒక్కరే చదువుకున్నారు.

దీనికి ఆయన కట్టిన ధర చిన్నది కాదు. ఏజెన్సీలో మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడీ వాడీ చెవులు పోయాయి. భాషల మీద బతికిన మనిషికి వినికిడి పోవడం అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. జీవితాంతం ఆ చెవుడు పోలేదు.

ఇలాంటి పని చేస్తే గుర్తింపు వచ్చి తీరుతుందని మీకు హామీ ఇవ్వలేను. ఆయనకు వచ్చింది, అదీ చాలా ఆలస్యంగా. 1913లో మద్రాసు ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది. సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. అచ్చు వేసింది మద్రాసు ప్రభుత్వమే. ఆ తర్వాత సవర ఇంగ్లీషు నిఘంటువు తయారుచేశారు. 1934లో కైజర్ ఇ హింద్ పతకం. ముండా భాషల మీద పనిచేసే ఏ దేశపు పరిశోధకుడైనా ఇవాళ్టికీ ఆ వ్యాకరణం తెరవాల్సిందే.

హెడ్‌లైన్ సంగతికి వస్తే, ఆయన పేరు కింద ఉపాధ్యాయుడు అని రాస్తే వేలమందిలో ఒకరు. సవర భాష చదవడం రాయడం తెలిసిన చరిత్ర మాస్టారు అంటే దేశం మొత్తం మీద ఒక్కరే. లింక్డ్‌ఇన్ మీకు ఆ లైనులో 220 అక్షరాలు ఇస్తుంది. అందులో ఏదైనా చేస్తాను అని రాస్తే రిక్రూటర్ వెతికే ఏ మాటకీ మీరు దొరకరు. ఆయన సెర్చ్‌లో కొట్టేది పైథాన్ అనో, ఆటోక్యాడ్ అనో, జీఎస్టీ ఫైలింగ్ అనో, ష్రింప్ హేచరీ అనో. మీకు నిజంగా వచ్చింది ఏదో, అది ఎక్కడ వాడారో ఆ రెండూ పెట్టండి. సివిల్ ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్, ఆటోక్యాడ్, రాజాం దగ్గర రోడ్డు పనిలో రెండు నెలల సర్వే అనుభవం అంటే చాలు. చిన్నగా కనిపించినా ఫరవాలేదు. ఇరుకైన మాటే తొందరగా దొరుకుతుంది.

ఒక పక్క మాట. ఆ సవర యువకుడి పేరు మనలో ఎంతమందికి తెలుసు? గొప్ప పనుల వెనక ఇలాంటివాళ్లు ఉంటారు. మీ ప్రాజెక్టు పోస్టు పెట్టేటప్పుడు టీమ్‌లో ఉన్న నలుగురినీ ట్యాగ్ చేయండి. మర్యాద ఒక కారణం. వాళ్లకు తెలిసినవాళ్లూ మీ పనిని చూస్తారన్నది ఇంకో కారణం.

దొరగారి ప్రశ్న

ఇప్పుడు అసలు కథ. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు ఆయన ఉత్తరాది జిల్లాల స్కూళ్లకు ఇన్‌స్పెక్టరుగా ఉన్నారు. తెలుగు నేర్చుకుంటున్న మనిషి. ఆయనకు ఒక సందేహం పట్టుకుంది. బజారులో జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో పిల్లలకు నేర్పేది ఇంకొకటి. ఎందుకిలా? పండితుల్ని అడిగితే అది గ్రామ్యం, ఇది గ్రంథం అన్నారే తప్ప కారణం చెప్పలేదు. విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారు ఇద్దరి పేర్లు చెప్పారు. విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. దీనికి జవాబు చెప్పగలవాళ్లు వాళ్లిద్దరేనని.

ఆ ఒక్క పరిచయంతో తెలుగు చరిత్ర మలుపు తిరిగింది. ఆ నలుగురూ కలిసి బడి తెలుగు మారాలన్న ఉద్యమం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న తన చెవిన పడేదాకా రామమూర్తి గారు దాని మీద పెద్దగా దృష్టి పెట్టలేదు. కానీ ఒక భాష దాన్ని మాట్లాడేవాళ్ల నోట్లో ఎలా బతుకుతుందో సవరల దగ్గర అప్పటికే నేర్చుకుని ఉన్నారు. అందుకే ప్రశ్న వచ్చిన రోజుకి ఆయన దగ్గర సరంజామా సిద్ధంగా ఉందని నా అభిప్రాయం.

గమనించండి, యేట్స్‌కి రామమూర్తి తెలియదు. మధ్యలో ఉన్న అయ్యంగారు రామమూర్తికి చుట్టమూ కాదు, ఒకే ఊరివాడూ కాదు. ఎవరికి ఏం వచ్చో తెలిసిన మనిషి, అంతే. ఇలాంటివాళ్లని సోషియాలజీలో బలహీన బంధాలు అంటారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ 1973లోనే ఈ మాట రాశాడు. ఉద్యోగం గురించి కొత్త కబురు ప్రాణస్నేహితుల కన్నా అప్పుడప్పుడూ కలిసేవాళ్ల దగ్గర్నుంచే ఎక్కువ వస్తుందని. కారణం తేలికే. మీ స్నేహితుడికి తెలిసినవన్నీ మీకూ తెలుసు. దీన్ని లింక్డ్‌ఇన్ మీదే పరీక్షించి చూశారు. ఐదేళ్ల పాటు 2 కోట్లకు పైగా మంది మీద, మీకు తెలిసి ఉండవచ్చు అంటూ చూపించే పేర్లను కొద్దిగా మార్చి మార్చి చూసి, ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వేశారు. ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్ల కన్నా, ఓ మాదిరి పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ పనికొచ్చారని తేలింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల వల్ల అంత ఉపయోగం లేదు.

కాబట్టి మీ రెండొందల మంది క్లాస్‌మేట్లతో కనెక్ట్ అయితే సంబరమే గానీ కబురు రాదు. అలాగని గూగుల్ వైస్ ప్రెసిడెంటుకి రిక్వెస్టు పెట్టినా రాదు. మధ్యలో ఉన్నవాళ్లని చూడండి. మీ కాలేజీలో ఐదేళ్ల కిందట చదివిన సీనియర్లు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే అలుమ్నై అన్న చోట వాళ్లు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో ఉన్నారో వడగట్టి చూపిస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో మీకు పని చెప్పిన సూపర్‌వైజర్. వర్క్‌షాప్‌కి వచ్చి మాట్లాడిన అతిథి. మీ ఊరి పోస్టాఫీసు బదిలీ అయి వెళ్లిన మాస్టారి అబ్బాయి. వీళ్లే మీ అయ్యంగార్లు.

కనెక్ట్ నొక్కేటప్పుడు ఒక నోటు రాసే వీలుంటుంది. రెండు మూడు వందల అక్షరాలకు మించి పట్టదు, ఉచిత అకౌంటుకి నెలకు కొన్నే ఇస్తారు. పొదుపుగా వాడుకోండి. రెస్పెక్టెడ్ సర్ దగ్గర మొదలుపెట్టి కుటుంబ పరిస్థితి అంతా చెప్పేలోపు అక్షరాలు అయిపోతాయి. యేట్స్ ఉద్యోగం అడగలేదు, సిఫార్సూ అడగలేదు. జవాబు తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లి ఒక సరైన ప్రశ్న వేశారు. మీరూ అదే చేయండి. మీరు ఫలానా కాలేజీ నుంచి టెస్టింగ్‌లోకి వెళ్లారు, నేనూ అదే చదువుతున్నాను, మొదటి ఆరు నెలల్లో మీకు ఏ టూల్ ఎక్కువ పనికొచ్చింది? ఇలాంటి ప్రశ్నకు మనిషి జవాబిస్తాడు. ఆయన చెప్పిన పని చేసి, నెల తర్వాత ఏం చేశారో చెప్పండి. రిఫరల్ మాట ఆ తర్వాత. చాలాసార్లు ఆయనే ఎత్తుతాడు.

ఇంకొకటి, మెసేజ్ పెట్టి ఉద్యోగం ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ల్యాప్‌టాప్ డిపాజిట్ పంపండి అన్నవాడు ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా దొంగే. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. ఇంట్లో నాన్నగారు అప్పు తెచ్చి కట్టేలోపే ఈ మాట వాళ్లకీ చెప్పండి.

గొడవ పెట్టుకోవడం ఎలా

రామమూర్తి గారు 1911లో ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఈ పనిలో దిగారు. మొదట్లో గాలి అనుకూలంగానే ఉంది. స్కూలు ఫైనల్లో వ్యాసం వాడుక తెలుగులో రాసినా ఫరవాలేదని ప్రభుత్వం ఒప్పుకుంది. పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులు ముందుండి పోరాడారు. ఊళ్లలో సభలు, పత్రికల్లో వ్యాసాలు, మద్రాసులో కమిటీలు. 1914లో మద్రాసు యూనివర్సిటీకి గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. అయినా గ్రాంథికమే నెగ్గింది, వచ్చిన అనుమతి వెనక్కి పోయింది. 1915 నవంబరులో గురజాడ పోయారు.

ఇక్కడ చాలామంది ఊరుకుంటారు. నెట్‌వర్క్ ఉంది, పై అధికారులు తెలుసు, అయినా ఓడిపోయారు. పరిచయం మిమ్మల్ని గది దాకా తీసుకెళ్తుంది, గదిలో ఓట్లు మీ వైపు పడతాయని కాదు. యాభై దాటిన వయసులో, చెవులు వినపడని మనిషి, దగ్గరి స్నేహితుణ్ణి పోగొట్టుకుని, మళ్లీ ఊరూరా తిరగడం మొదలుపెట్టారు.

ఆయన వాదించే పద్ధతి చూడాలి. తిట్టేవారు కాదని అనలేను, ఆ రోజుల్లో రెండు వైపులా ఘాటుగానే నడిచింది. కానీ ఆయన ఆయుధం సాక్ష్యం. పాత కవులు, పాత వ్రాతప్రతులు, పాత వచన గ్రంథాలు తీసి, మీరు తప్పంటున్న ఈ రూపం ఇదిగో ఇక్కడ ఉంది అని పేజీ చూపించేవారు. గ్రాంథికమే రాయాలన్న పండితులే తమ రాతలో ఎక్కడెక్కడ దాన్ని తప్పారో ఏరి పుస్తకమే వేశారు. తణుకులో 1925లో సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ఉదాహరణలు చూపిస్తూ మాట్లాడారు. అంతకు ఏడాది ముందే, 1924 అక్టోబరులో, కాకినాడలో పరిషత్తు వాడుక భాష మీద పెట్టిన నిషేధాన్ని ఎత్తేసింది.

ఈ మధ్యలోనే ఒక విశేషం జరిగింది. గ్రాంథికంలో అంత సాహిత్యం రాసిన కందుకూరి వీరేశలింగం గారు చివరిరోజుల్లో ఇటువైపు వచ్చారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వాడుక భాష కోసం సమాజం పెడితే ఆయన అధ్యక్షులు, రామమూర్తి కార్యదర్శి. మరో మూడు నెలలకు వీరేశలింగం గారు పోయారు. సాక్ష్యం పెట్టి మాట్లాడితే అవతలి వైపున్న పెద్ద మనిషి కూడా వినవచ్చు. మీరు ఎవరి పోస్టు కింద అయినా ఒప్పుకోని కామెంటు రాయాల్సి వస్తే ఇది గుర్తుంచుకోండి. గ్రేట్ పోస్ట్ సర్ అన్న వంద కామెంట్లలో మీ పేరు ఎవరికీ గుర్తుండదు. సార్, ఈ లెక్క మా ల్యాబ్‌లో ఇలా రాలేదు, ఇదీ రీడింగు అని మర్యాదగా రాస్తే ఆయన మీ ప్రొఫైల్ తెరిచి చూస్తాడు.

సొంత పత్రిక, సొంత దుకాణం

అదే 1919లో ఆయన తెలుగు అనే పేరుతో సొంతంగా మాసపత్రిక పెట్టారు. ఏడాది పాటే నడిచింది. వ్యాపారంగా చూస్తే నష్టమే. వేరేవాళ్ల పత్రికల్లో తన మాటకు చోటు ఎప్పుడు దొరుకుతుందా అని చూడకుండా ఒక వేదిక కట్టుకోవడం అన్నది మాత్రం సొంతంగా ఏదైనా మొదలుపెడుతున్నవాళ్లు చూడాల్సిన సంగతి.

మీలో కొందరు ఉద్యోగం కన్నా ఇంటి వ్యాపారమే చూసుకుందామనుకుంటారు. పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ, పలాస జీడిపప్పు మన దగ్గరే ఉన్నాయి. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేజీ ఉచితంగా తెరవచ్చు. కానీ నిజం చెప్పాలి. ఒక చీర, ఒక కిలో జీడిపప్పు అమ్మడానికి ఇది చోటు కాదు. దానికి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ నయం. లింక్డ్‌ఇన్‌లో ఉండేది టోకున కొనేవాళ్లు. హోటళ్ల పర్చేజ్ మేనేజర్లు, ఎగుమతిదారులు, దీపావళికి స్టాఫుకి గిఫ్టులు కొనే హెచ్‌ఆర్‌లు. వాళ్లకు కావలసింది అందమైన బ్యానరు కాదు. మీరు నెలకు ఎంత సరుకు ఇవ్వగలరు, ఏ గ్రేడు, ప్యాకింగ్ ఎంత, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉందా, జీఎస్టీ ఉందా, శాంపిల్ పంపుతారా? ఇవి పేజీ మొదట్లోనే ఉండాలి. జీడిగింజ కాల్చడం దగ్గర్నుంచి తొక్క తీసి గ్రేడు చేసేదాకా ఫోన్లో తీసిన నిమిషం వీడియో పెట్టండి. పని తెలిసినవాడికి అది చూడగానే మీరు దళారా, తయారీదారా అన్నది అర్థమవుతుంది. పొందూరులో సన్న నూలు వడికే చేతుల్ని చూపిస్తే పక్కన ఏ పొగడ్తా రాయక్కర్లేదు.

ఏ భాషలో రాయాలి అని కూడా అడుగుతుంటారు. ఉద్యోగమిచ్చేవాడు ఇంగ్లీషులో వెతుకుతాడు కాబట్టి ప్రొఫైల్ ఇంగ్లీషులో ఉండాలి. పోస్టు మాత్రం మీకు ఏ భాషలో తేటగా వస్తే ఆ భాషలో రాయండి. లింక్డ్‌ఇన్ యాప్ ఇప్పుడు తెలుగులోనూ కనిపిస్తుంది. చాట్‌బాట్ రాసిచ్చిన బరువైన ఇంగ్లీషు పేరా చూస్తే నాకు ఆ రోజుల గ్రాంథికమే గుర్తొస్తుంది. రాసినవాడికీ అర్థం కాదు, చదివేవాడికీ అక్కర్లేదు. రామమూర్తి గారు సవర వ్యాకరణం ఇంగ్లీషులో రాశారు, ఎందుకంటే దాన్ని చదివే పండితులు ఇంగ్లీషువాళ్లు. సవర పిల్లలకు సవరలో రాశారు. తెలుగువాళ్లతో తెలుగులో వాదించారు.

అడగని డబ్బు

1911లో సవర పుస్తకాలకు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోయింది. సొంత జీతంలోంచి బడులు నడిపిన మనిషి. తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆ డబ్బుతో సవరల కోసం ఒక మంచి బడి పెట్టండని అడిగారు. మీ కష్టానికి డబ్బు తీసుకోవద్దని నేననను. ఉచిత ఇంటర్న్‌షిప్పుల పేరుతో పిల్లల చేత పని చేయించుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆయన అడిగినది ఇంకో రకంగా చూడండి. చేతిలో ఒక్క అడుగే ఉన్నప్పుడు, తన పని ముందుకు పోయేదాన్నే అడిగారు. మీకూ ఒక రోజు ఒక పెద్ద మనిషి, ఏం కావాలో చెప్పు అంటాడు. ఆ రోజు ఏం అడగాలో ముందే తెలిసి ఉంటే మంచిది. రికమెండేషన్ అన్న భాగంలో నాలుగు లైన్లు రాయించుకోవాలన్నా అంతే. మంచి కుర్రాడు అని రాయించుకుంటే ఎవరికీ పనికిరాదు. ఫలానా పనిని ఫలానా గడువులో చేశాడు అని రాయమని అడగండి.

1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది. యాభై ఐదేళ్లకు పైగా ఉన్న ఊరు. డెబ్భై మూడో ఏట ఆయన ఆ ఊరు విడిచిపెట్టి ఇటు వచ్చేశారు. ఇల్లూ, సవర కొండలూ, పాత శిష్యులూ అంతా అక్కడే ఉండిపోయారు. తెలుగు మాట్లాడేవాళ్ల మధ్యే ఉండాలన్న పట్టుదల అది. మంచిదో మొండిదో మీరే అనుకోండి.

చివరికి మద్రాసు చేరారు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో తెలుగు పత్రికల సంపాదకులతో కూర్చుని మాట్లాడారు. పత్రికలు అప్పటికే జనం తెలుగులోకి వస్తున్నాయి. బళ్లు, యూనివర్సిటీలు, ప్రభుత్వం మాత్రం ఇంకా రాలేదు, మీరు ఆ పని ముందుకు తీసుకెళ్లాలని వాళ్లను కోరారు. సరిగ్గా వారానికి, జనవరి 22న, ఆయన పోయారు. మీరు చదువుతున్న ఈ పేజీ ఆయన ఆ రోజు అడిగిన తెలుగులోనే ఉంది.